సజీవుల లక్షణాలకు ఒక సవరణ ప్రతిపాదన

ఆరో తరగతి పిల్లలకు సామాన్య శాస్త్రంలో సజీవులను నిర్జీవుల నుంచి వేరు చేయడం నేర్పుతారు. కదిలేది, తినేది, ఊపిరి పీల్చేది, పెరిగేది, వ్యర్థాలను విసర్జించేది, ముట్టుకుంటే స్పందించేది, తనలాంటి మరొకదాన్ని పుట్టించేది సజీవి అనీ, ఇవేవీ చేయనిది నిర్జీవి అనీ పిల్లలు బట్టీపట్టి, కుక్కను ఒక వరుసలో, కుర్చీని ఇంకో వరుసలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. కుక్క విషయంలో గానీ కుర్చీ విషయంలో గానీ ఈ పాఠంతో నాకు పేచీ లేదు. అయితే ఈ లక్షణాలను నిర్ణయించిన శాస్త్రవేత్తలెవరూ ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ ఒక పూట కూర్చున్న దాఖలా కనిపించదు. కూర్చుని ఉంటే కుక్కకు బదులు ఫైలును ఉదాహరణగా తీసుకునేవారనీ, కుర్చీ పక్కన పింఛనుదారును రాసేవారనీ సవినయంగా మనవి చేస్తున్నాను.

ముందుగా పెరుగుదల సంగతి చూద్దాం. ఇసుక దిబ్బ, కొండ కూడా పెరుగుతాయి గానీ బయటి నుంచి పదార్థం వచ్చి చేరడం వల్ల పెరుగుతాయనీ, సజీవి మాత్రం కణవిభజన వల్ల లోపలి నుంచి పెరుగుతుందనీ ఇంటర్మీడియట్ జీవశాస్త్రం వివరిస్తుంది. ఫైలుకు ఈ రెండు విద్యలూ వచ్చు. కరెంటు ఫైలు అనే భాగం బయటి నుంచి వచ్చిపడే తపాలుతో దిబ్బలా పెరుగుతుంది. నోటు ఫైలు అనే భాగం అలా కాదు. ఏడో పేరాను దయచేసి పరిశీలించవలసిందని పన్నెండో పేరా కోరుతుంది. పన్నెండో పేరాలో కోరినదేమిటో స్పష్టం చేయవలసిందని పందొమ్మిదో పేరా అడుగుతుంది. పందొమ్మిదో పేరాకు జవాబు ఏడో పేరాలోనే ఉందని ఇరవై మూడో పేరా తేలుస్తుంది. బయటి ప్రపంచం నుంచి ఒక్క కొత్త విషయం లోపలికి రాకుండానే ఫైలు రెట్టింపు లావవుతుంది. దీన్ని అంతర్గత పెరుగుదల కాదనగల జీవశాస్త్రజ్ఞుడు ఉంటే ముందుకు రావాలి.

చలనం విషయంలో కొందరికి సందేహం కలగవచ్చు, ఎందుకంటే ఫైలు కదలడం లేదన్నదే ప్రజల ప్రధాన ఫిర్యాదు. మర్రిచెట్టూ కదలదు, అయినా దాన్ని ఎవరూ నిర్జీవి అనరు. వేరు నీరున్న వైపు వంగుతుందనీ, కాండం వెలుతురున్న వైపు తిరుగుతుందనీ, వీటిని అనువర్తన చలనాలు అంటారనీ పదో తరగతి నాటికి పిల్లలకు తెలుస్తుంది. చేయి తడిసిన వైపుకు ఫైలు నెమ్మదిగా, కానీ నిశ్చయంగా కదలడం జలానువర్తనానికి చక్కని ఉదాహరణ. పోషణ అనే లక్షణం కూడా ఇందులోనే ఇమిడి ఉన్నందున దాన్ని విడిగా చర్చించను. విసర్జన గురించి కూడా ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫైలు తనకు అక్కరలేని దరఖాస్తుదారును కొర్రీల రూపంలో క్రమం తప్పకుండా బయటికి పంపుతూనే ఉంటుంది.

ఉద్దీపనకు స్పందించడంలో ఫైలు అత్తిపత్తి మొక్కకు తీసిపోదు. సామాన్యుడు ముట్టుకోబోతే ముడుచుకుంటుంది; పై అంతస్తు నుంచి ఫోను వస్తే విచ్చుకుంటుంది. ఈ లక్షణం జీవానికే పరిమితమని అనుకుంటున్న రోజుల్లో, 1901 మే 10న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జగదీశ్ చంద్రబోస్ కొన్ని ప్రయోగాలు చేసి చూపారు. జంతువుల కండరంలాగే, మొక్కలాగే, లోహం కూడా ఉద్దీపనకు స్పందిస్తుందనీ, పదేపదే ప్రేరేపిస్తే అలసిపోతుందనీ, విషం తగిలితే ఆ స్పందన సన్నగిల్లుతుందనీ ఆయన రేఖలు గీయించి మరీ చూపగా సభికులు నివ్వెరపోయారు. లోహంలోనే స్పందన కనుగొన్న ఆ మహానుభావుడు బీరువా లోహంతోనే ఆగిపోయి, దాని లోపలున్న ఫైలు దాకా రాకపోవడం మన సైన్సు దురదృష్టం.

ప్రత్యుత్పత్తిలో మాత్రం ఫైలు చాలా జీవుల కన్నా ముందుంది. అమీబా మామూలుగా రెండుగానే చీలుతుంది. దరఖాస్తు మూడు ప్రతులతోనే పుట్టాలి. పైగా ఒక శాఖ ఫైలు రిమార్కుల కోసం ఇంకో శాఖకు వెళ్లినప్పుడు రెండింటి కలయిక వల్ల మూడో ఫైలు ఒకటి పుడుతుంది. అది ఒకదాని నంబరును, రెండోదాని ఆలస్యాన్ని పుణికిపుచ్చుకుంటుంది. ఇక ఆయుర్దాయం సంగతికి వస్తే, ఏ జీవికీ పుట్టినప్పుడే రాసిపెట్టని ఆయుష్షు ఫైలుకు పరిష్కారమైన రోజునే అట్టమీద రాసిపెడతారు. డి.డిస్. అని ఉంటే పదేళ్లు, ఆర్.డిస్. అని ఉంటే కలకాలం. అమరత్వాన్ని రబ్బరు ముద్రతో ప్రసాదించే సదుపాయం క్షీరసాగర మథనం తర్వాత మళ్లీ జిల్లా కార్యాలయాల్లోనే ఏర్పడింది.

బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న ఫైలు చచ్చిపోయిందని ఎవరైనా అంటే, వారికి సుప్తావస్థ అంటే తెలియదన్నమాట. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట శిథిలాలను 1960లలో తవ్వినప్పుడు సుమారు 2,000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజలు దొరికాయి. వాటిలో ఒకదాన్ని 2005లో నాటితే మొలకెత్తి చెట్టయింది. విజిలెన్సు విచారణ అనే తొలకరి పడగానే మన ఫైళ్లు మొలకెత్తే వేగం ఆ ఖర్జూరానికి ఎక్కడిది? మిగిలింది శ్వాసక్రియ ఒక్కటే. అట్ట తెరవగానే మనకు వచ్చే దగ్గును బట్టి లోపలికీ బయటికీ ఏదో వాయుమార్పిడి జరుగుతోందని అంగీకరించవచ్చు.

ఇప్పుడు రెండో వరుసకు వద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి విరమించిన పెద్దమనిషి ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని ధ్రువీకరణ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇచ్చేదాకా పింఛను ఆగుతుంది. చనిపోయినవారి పేరుమీద సొమ్ము పోకుండా కాపాడటం ఖజానా ధర్మమే, కాదనను. నాకు నచ్చింది దీని వెనుకనున్న జీవశాస్త్ర సిద్ధాంతం. ఈ పెద్దమనిషి మెట్లెక్కి వస్తాడు కాబట్టి చలనం ఉంది. ఆయాసపడతాడు కాబట్టి శ్వాసక్రియ ఉంది. ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగుతాడు, కౌంటరు మూసేశారంటే కోపంతో స్పందిస్తాడు. ఆరో తరగతి పిల్లవాడైతే ఇంతటితోనే ఆయన్ను కుక్క వరుసలో రాసేసి ఉండేవాడు. ఖజానా అంత తొందరపడదు. అక్టోబరులో బతికి ఉండటం నవంబరుకు సాక్ష్యం కాదు. 80 ఏళ్లు నిండినవారికి మాత్రం అక్టోబరు 1 నుంచే ఈ అవకాశం ఇచ్చారు. ఆ వయసులో సజీవంగా ఉండటానికి ఇంకొంచెం వ్యవధి అవసరమన్న మానవతా దృష్టితో తీసుకున్న నిర్ణయమది. ఒకసారి నవంబరులో సజీవి అని తేలితే, మళ్లీ నవంబరు దాకా ఆ జీవం చెల్లుబాటవుతుంది. జీవానికి చెల్లుబాటు గడువు పెట్టాలన్న ఆలోచన డార్విన్‌కు గానీ మెండెల్‌కు గానీ తట్టలేదు.

పూర్వం ఈ పరీక్షకు గెజిటెడ్ అధికారి సంతకం సరిపోయేది. ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం చేయగానే ఎదుట నిలబడ్డ మనిషి సజీవి అయ్యేవాడు. ఈ భూమ్మీది ప్రాణులు దాదాపు అన్నీ చివరికి ఆకుల్లోని పత్రహరితం మీదే ఆధారపడి బతుకుతున్నాయని వృక్షశాస్త్రం చెప్పేదీ, ఈ ఆకుపచ్చ సిరా చేసిన పనీ ఒకటే కావడం యాదృచ్ఛికం అనుకోలేము. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి ప్రారంభమయ్యాక జీవాన్ని కనిపెట్టే బాధ్యత వేలిముద్రల యంత్రానికి వచ్చింది. వయసు మీదపడేకొద్దీ చర్మం బిగువు తగ్గుతుంది, చెమట తగ్గి పొడిబారుతుంది, వేలి గీతలు చదునవుతాయి. నలభై ఏళ్లు ఫైళ్లు తిప్పిన వేళ్లలోనైతే ఆ గీతలు మరింత అరిగిపోయి ఉంటాయని నా అనుమానం. అంటే ఈ యంత్రం ఎవరికోసం పెట్టారో వారినే, ఎంత ఎక్కువకాలం బతికితే అంత తక్కువగా గుర్తుపడుతుంది.

ఈ చిక్కు తీర్చడానికి 2021 నవంబరులో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి వచ్చింది. ఇందులో ఫోను ముందు కూర్చున్న మనిషిని ఓసారి కళ్లు ఆర్పమంటారు. ఛాయాచిత్రం కళ్లు ఆర్పలేదు కాబట్టి, ఆర్పినవాడు సజీవి అని తర్కం. పెద్దలకు ఇది నిజంగానే సుఖమైన పద్ధతి, కొడుకో మనవరాలో ఫోను పట్టుకుంటే గడప దాటకుండా పని అయిపోతుంది. అయితే శాస్త్రం మీద దీని ప్రభావాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పాముకు కదిలే కనురెప్పలు లేవు. చేపల్లో చాలావాటికి అసలు రెప్పలే లేవు. కనుక ఇప్పటివరకు సజీవులని మనం పొరబడుతున్న త్రాచుపామునూ కొరమీనునూ తక్షణం నిర్జీవుల వరుసలోకి మార్చవలసి ఉంది.

ఇది నేను కల్పించిన సమస్య అనుకునేవారు ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ ఉదంతం గమనించాలి. ఆయన భూమి కోసం బంధువులు రెవెన్యూ రికార్డుల్లో ఆయన మరణించినట్టు రాయించారు. 1975 నుంచి 1994 దాకా ఆయన తింటూ, తిరుగుతూ, ఊపిరి పీలుస్తూనే అధికారికంగా మృతుడిగా ఉన్నారు. పేరు చివర ‘మృతక్’ అని చేర్చుకున్నారు, ఎన్నికల్లో పోటీ చేశారు, తనలాంటివారిని కూడగట్టి మృతుల సంఘం పెట్టారు. మరణానంతరం ఇంత చురుకైన జీవితం గడిపినందుకు 2003లో ఆయనకు ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే హాస్య పురస్కారం) శాంతి బహుమతి కూడా వచ్చింది. ఏడు లక్షణాలూ పుష్కలంగా ఉన్న ఈ మనిషిని పట్వారీ రాసిన ఒక్క పంక్తి అన్నేళ్లు నిర్జీవుల వరుసలో నిలబెట్టిందంటే, ఆ ఏడింటికన్నా బలమైన ఎనిమిదో లక్షణం ఏదో ఉందనీ, పాఠ్యపుస్తకాల రచయితలు దాన్ని విస్మరించారనీ తేలుతోంది.

ఆ ఎనిమిదో లక్షణం ఉంటే మిగతా ఏడూ లేకపోయినా ఫరవాలేదనడానికి కూడా దృష్టాంతం ఉంది. 2017 మార్చి 20న ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునా నదులను హక్కులు, బాధ్యతలు గల సజీవ అస్తిత్వాలుగా ప్రకటించింది. వరద వచ్చి ఎవరి పంటో మునిగితే నష్టపరిహారం ఎవరిమీద వేయాలి, సజీవి అయిన నది మీదా అని రాష్ట్ర ప్రభుత్వానికి పట్టుకున్న బెంగ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జూలై 7న ఆ ఉత్తర్వు అమలు నిలిచిపోయింది. చట్టరీత్యా గంగానది మూడున్నర నెలలు జీవించింది. ఆ కాలంలో నవంబరు రాకపోవడం ఆమె అదృష్టం.

స్టేలో ఉన్న నది సజీవి కాదు, నిర్జీవీ కాదు. ఇలాంటి అవస్థ సైన్సుకు కొత్త కాదు. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు ఆకులకు తెగులు తెచ్చే వైరస్‌ను ఉప్పులా స్ఫటికాలుగా మార్చి సీసాలో భద్రపరిచినప్పుడు, శాస్త్రవేత్తలు దాన్ని ఏ వరుసలో రాయాలో తెలియక తలలు పట్టుకున్నారు. సీసాలో ఉన్నంతసేపు అది రసాయనమే. పొగాకు కణంలోకి చేరిందా, తన సంతానాన్ని వేలకు వేలుగా తయారు చేయిస్తుంది. 1994లో నాసాకు సలహా ఇచ్చిన శాస్త్రవేత్తల బృందం, తనను తాను నిలబెట్టుకుంటూ డార్విన్ చెప్పిన పరిణామానికి లోనుకాగల రసాయన వ్యవస్థే జీవం అని నిర్వచించింది. ఈ నిర్వచనాన్ని అక్షరాలా పట్టుకుంటే ఒంటరి కంచర గాడిద సజీవి కాదు, దానికి సంతానమే లేదు కాబట్టి పరిణామమూ లేదు. పిల్లల పెళ్లిళ్లు చేసి బాధ్యతలు తీర్చుకున్న పింఛనుదారూ కాదు. ఫైలు మాత్రం ఇక్కడా నెగ్గుకొస్తుంది. పరిష్కారానికి లొంగే ఫైళ్లు తొందరగా అంతరించిపోయి, లొంగని ఫైళ్లే తరతరాల అధికారుల చేతుల్లో బతికి బట్టకడుతున్నాయంటే ప్రకృతివరణానికి ఇంతకన్నా నిదర్శనం డార్విన్ తిరిగిన గాలపాగోస్ దీవుల్లో కూడా దొరకదు. కంప్యూటరుకు ఎక్కినా అవి అంతరించలేదు. కాగితపు శరీరాన్ని వదిలి, కొర్రీ వేసే గుణాన్ని మాత్రం వెంట తీసుకుపోయాయి.

నవంబరులో ధ్రువీకరణ ఇవ్వలేకపోయిన పింఛనుదారు డిసెంబరులో నిజంగానే కన్నుమూశాడనుకుందాం. ఆయన సజీవి అని నమ్మకనే సొమ్ము ఆపిన కార్యాలయానికి ఆయన భార్య కుటుంబ పింఛను కోసం వెళితే, ఆయన మరణించినట్టు ఏమిటి రుజువు అని అడుగుతారు. సజీవి కాదని తామే తేల్చారు కదా అని ఆమె అనడానికి వీలులేదు. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు చేయించి, ధ్రువపత్రం తేవలసిందే. ఏడేళ్లపాటు కబురు తెలియని మనిషిని మాత్రమే చట్టం మరణించినట్టు భావిస్తుంది గనుక, ప్రతి నెలా కౌంటరు ముందు కనిపించి కబురు చెబుతున్న మనిషికి ఆ సౌకర్యమూ వర్తించదు. అంటే నవంబరు ముగిసిన నాటి నుంచి ఆ పెద్దమనిషి బతికీ లేడు, చచ్చీ లేడు.

కాబట్టి నా ప్రతిపాదన స్వల్పమైనది. ఆరో తరగతి పాఠంలోని పట్టికలో సజీవులు, నిర్జీవులు అనే రెండు వరుసలకు తోడు ‘పరిశీలనలో ఉన్నవి’ అనే మూడో వరుస చేర్చాలి. స్ఫటికంగా ఉన్న వైరస్‌ను, స్టేలో ఉన్న నదిని, వేలిముద్ర పడని తాతగారిని పిల్లలు అందులో రాస్తారు. కుక్కను ఎప్పటిలా మొదటి వరుసలోనే ఉంచవచ్చు, దానికి పింఛను లేదు కాబట్టి. మూడో వరుసను మాత్రం మిగతా రెండింటికన్నా బాగా వెడల్పుగా గీయించాలని ఉపాధ్యాయులకు మనవి.