పొగడ చెట్టు కింద తెలుగు బడి

మే నెల రెండో ఆదివారం పొద్దున బెంగళూరు లాల్‌బాగ్ తోట పడమటి గేటు దాటి నాలుగడుగులు వేశామో లేదో, మా చిన్నోడు వంగి నేల మీంచి ఒక పువ్వు తీశాడు. చిటికెనవేలి గోరంత పువ్వు. వెన్నరంగు, చుక్కలా విచ్చుకున్న సన్నటి రేకులు, నడుమ చిన్న బెజ్జం. దాన్ని ఫోన్ ముందు పెట్టి చూసి, "అమ్మా, మిముసాప్స్ ఎలెంగి అంట" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. అది పొగడపువ్వు. ఇదే తోటలో మా తాత నా అరచేతిలో పెట్టి పేరు చెప్పిన పువ్వు.

1990 ఎండాకాలం అది. తాత పెనుకొండ పక్కనున్న పల్లె నుంచి కంటి ఆపరేషన్‌కని మా ఇంటికొచ్చాడు. మేం మావళ్లిలో అద్దెకుండేవాళ్లం, నాకు తొమ్మిదేళ్లు. ఎండ తగలకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి, తెల్లవారుతూనే ఆయన చెయ్యి పట్టుకుని లాల్‌బాగ్‌కి తీసుకెళ్లడం నా పని. ఒక కంటికి పచ్చగుడ్డ కట్టు, రెండో కంటికి చూపు అంతంతమాత్రం. అయినా ఏ చెట్టునీ ఊరికే దాటేవాడు కాదు. బెరడు మీద అరచెయ్యి ఆనించేవాడు. రాలిన ఆకు తీసి నలిపి వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టేవాడు. "ఇది కానుగ. ఇది నేరేడు. ఈడ సూడు, సంపెంగ."

పొగడ చెట్టు దగ్గర మాత్రం కూర్చుండిపోయేవాడు. తెగిపడిన కొబ్బరి మట్ట నుంచి ఒక ఈనె చీల్చి ఇచ్చి, పూలు గుచ్చమనేవాడు. పొగడపువ్వు నడుమ బెజ్జం ఉంటుంది కదా, ఈనె దానంతటదే దూరిపోతుంది. "ఎండినా వాసన పోదు పాపా, దాసుకో" అన్నాడు. అమ్మ ఆ దండ తీసుకెళ్లి దేవుడి పటానికి వేసింది. తాత ఊరికి వెళ్లిపోయాక, దసరా సెలవుల్లో పటాలు తుడుస్తుంటే గోధుమరంగుకి తిరిగిన ఆ పూలు చేతికి తగిలాయి. వాసన అలాగే ఉంది. తాత అప్పటికి లేడు.

మా చిన్నోడికి పదేళ్లు. ఇక్కడి మన తెలుగు సంఘం నడిపే తెలుగు తరగతికి రెండేళ్లుగా వెళ్తున్నాడు. గుణింతాలు చక్కగా రాస్తాడు, వేమన పద్యాలు పది దాకా అప్పగిస్తాడు. నేర్పే అక్కల మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ గదిలో గోడకున్న చార్టులో "చ" పక్కన ఒక ఆకుపచ్చ గుండ్రం, దాని కింద ఒక గోధుమరంగు కడ్డీ. చెట్టు. వాడికి తెలుగులో తెలిసిన చెట్లు మామిడి, వేప, కొబ్బరి. మిగిలినవన్నీ "చెట్టు." మాట వచ్చింది గానీ ఆ మాటతో చూపించడానికి వాడి ముందు వస్తువే లేదు. పిల్లలు తెలుగు మాట్లాడటం లేదని ప్రతి ఉగాది సభలోనూ బాధపడుతుంటాం. నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి మాట్లాడమంటే దేని గురించి మాట్లాడతారు?

మొన్న ఈ మాటే అంటే, ఒక తండ్రి నన్ను అడిగారు: "ఫోన్ చెప్పేస్తోంది కదండీ, ఈ పేర్లన్నీ పిల్లలకెందుకు?" ఆయన మనస్ఫూర్తిగానే అడిగారు, అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఫోన్ చెప్పిన ఆ "ఎలెంగి" ఎవరి మాట? మలయాళీలది. వాళ్లు పొగడని ఇలంజి అంటారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు మలబారు మొక్కల గురించి పుస్తకాలు వేసినప్పుడు, అక్కడి వైద్యులు చెప్పిన పేర్లని అలాగే రాసుకున్నారు. 1753లో మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దాన్నే శాస్త్రానికి ఎక్కించాడు. చెట్టు కింద నిలబడి ఎవరో పిలిచిన పేరే ఇవాళ నా కొడుకు చేతిలోని ఫోన్ దాకా వచ్చింది. ఆ పని మనవాళ్లూ చేశారు. ఎర్రగా పూసిన తురాయి మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు. తలపాగా మీది కుచ్చులా కనబడిందేమో, తురాయి అన్నారు. సాయంత్రానికి ఆకులు ముడుచుకునే చెట్టు అమెరికా ఖండం నుంచి వస్తే, నిద్రగన్నేరు అన్నారు. ఎంత బాగా చూసి పెట్టిన పేరు! పరాయి నేల నుంచి వచ్చినదానికి కూడా మన భాషలో చోటిచ్చిన పెద్దలు వాళ్లు. ఆ పేర్లు మనతోనే ఆగిపోతాయంటే నాకు నిజంగా దుఃఖం వస్తుంది.

కన్నడ దేశంలో ఉండి తెలుగు పేర్లేమిటని అనుకునేవాళ్లకీ ఒక సంగతి చెప్పాలి. లాల్‌బాగ్ చెరువు పక్కనున్న పెద్ద బూరుగ మాను దగ్గర, మనిషెత్తు వేళ్ల మధ్య నిలబడి, తాత అక్కడున్న కన్నడ పలకని ఒంటికన్నుతో కూడబలుక్కుని చదివాడు. కన్నడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. "బూ... రు... గ. మన అక్షరాలే పాపా, తలకట్టు మార్చుకున్న్యాయి, అంతే!" ఆ ముఖంలోని సంతోషం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. రెండు లిపులూ ఒక తల్లి పిల్లలే. ఆ పలకల ముందు నిలబెడితే మన పిల్లలు రెండు భాషలూ కలిపి నేర్చుకుంటారు. ఆ ఆదివారం మా చిన్నోడు "నేరళె" అని చదివి, "నేరేడేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న చార్టు ముందు పుట్టదు.

లాల్‌బాగ్‌లో మామిడి మేళా పెట్టే రోజుల్లో తీసుకెళ్తే ఇంకా మంచిది. కోలారు జిల్లా శ్రీనివాసపురం నుంచి పండ్లు తెచ్చే రైతుల్లో ఎంతోమందిది తెలుగే. బాదామి, రసపురి, మల్లిక, తోతాపురి అని వాళ్లు పేరుపేరునా పిలుస్తుంటే, పిల్లలు బేరమాడటమూ నేర్చుకుంటారు.

నేను సంఘాన్ని కోరేది ఒకటే. నెలకో ఆదివారం తరగతిని లాల్‌బాగ్‌లో పెట్టండి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. ఏ నెల వెళ్లినా ఏదో ఒక చెట్టు పూసి ఉంటుంది. 1908లో ఇక్కడికొచ్చిన జర్మన్ తోటశాస్త్రి క్రుంబిగెల్ ఊళ్లో చెట్లని అలా ఒకదాని తర్వాత ఒకటి పూసేలా ఎంచి నాటించాడు. మన పాఠాలకి ఆయన వేసిపెట్టిన పంచాంగం ఉండగా వేరే పుస్తకం ఎందుకు? అలసిపోతే కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద కూర్చోవచ్చు. అది మూడు వందల కోట్ల ఏళ్లనాటి రాయి. తాత దాని మీద కూర్చుని, మన పెనుకొండ బండల మాదిరే ఉందే అని నిమిరేవాడు.

దూరం అనేవాళ్లకి మెట్రో ఉంది, లాల్‌బాగ్ స్టేషన్ పడమటి గేటుకి దగ్గరే. ఎండ అనేవాళ్లు ఏడింటికే రండి. తాతలనీ అమ్మమ్మలనీ తప్పకుండా వెంట తీసుకురండి, పాఠం చెప్పాల్సింది వాళ్లే. సంఘం నిర్ణయం తీసుకునేలోపు నేనూ మా చిన్నోడూ జూన్ మొదటి ఆదివారం అక్కడ ఉంటాం. పూలు కొయ్యనివ్వరు, కొయ్యనూ కూడదు. రాలినవే ఏరుకుందాం. దారం, సూది తేవద్దు. కొబ్బరి ఈనెలు నేను తెస్తాను.