బందరు రోడ్డు వేరు, ఎంజీ రోడ్డు వేరు!

బెంజి సర్కిల్ దగ్గర ఆటో ఆపి "ఎంజీ రోడ్డుకి వస్తావా?" అని అడగండి. "బందరు రోడ్డే కదండీ, ఎక్కండి" అంటాడు. రెండూ ఒకటేనని ఆ అబ్బాయికి ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది. ఊరు విజయవాడ అయి ఇన్నేళ్లయినా రైల్వే వాళ్ల కోడ్ ఇంకా బీజెడ్ఏ, అంటే బెజవాడే. అయినా దిగాల్సిన స్టేషన్ దాటి వెళ్లిపోయినవాడు లేడు.

ఇది మన క్రమశిక్షణారాహిత్యం. కంప్యూటర్‌ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాన్‌లో ఒక స్పెల్లింగు ఉంటే మీరు ఇద్దరు మనుషులని తేల్చే గుమస్తా ఉంటాడు చూడండి, అచ్చం అంత నిష్ఠ దానిది.

మా తమ్ముడి కొడుకు ఓ బట్టల కొట్టుకి, జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ జేఎస్‌లో బిల్లింగ్ ప్రోగ్రాం రాశాడు. బిల్లు నంబర్లు వేసే ఫైలు ఒక్కటే. అమ్మకాల పేజీలో దాన్ని చిన్న 'బి'తో పిలిచాడు, ఎక్స్ఛేంజ్ పేజీలో పెద్ద 'బి'తో. విండోస్‌కి అక్షరం చిన్నదా పెద్దదా అన్న పట్టింపు లేదు, రెండుసార్లూ అదే ఫైలు తెచ్చిచ్చింది. పట్టింపంతా నోడ్‌ది. ఒకసారి లోడ్ చేసిన ఫైలుని అది పాత్ పేరుతోనే, అంటే ఫైలు చిరునామాని అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంటుంది. పెద్ద 'బి' వినగానే ఎవరో కొత్తాయన వచ్చాడనుకుని, మళ్లీ మొదటి నుంచీ లోడ్ చేసి కూర్చోబెట్టింది. ఆయన లెక్క మళ్లీ ఒకటి నుంచే.

శ్రావణ శుక్రవారం, కొట్టు కిటకిటలాడుతోంది. పట్టుచీర కొన్న పిన్నిగారికి 41వ నంబరు బిల్లు. ఆ వెనకే జాకెట్టు ముక్క మార్చుకోవడానికి వచ్చినావిడకి 1వ నంబరు. యజమాని కళ్లజోడు పైకి తోసుకుని, "ఏం బాబూ, మధ్యాహ్నం మళ్లీ బోణీ చేశామా?" అన్నాడు.

"పెదనాన్నా, ఉన్నది ఒకటే ఫైలు, ఒట్టు" అంటాడు మావాడు. ఒట్లు వేస్తే నోడ్ వింటుందా?

తర్వాత దాన్నే, అక్షరం చిన్నదా పెద్దదా అన్న పట్టింపు ఉన్న లినక్స్ సర్వర్ మీదకి ఎక్కించాడు. పెద్ద 'బి' అనేవారు ఈ ఇంట్లో లేరని అది మొహం మీదే తలుపేసింది. నన్నడిగితే ఆ మొరటుతనమే నయం. పైథాన్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషకైతే ఇంకా మర్యాద ఎక్కువ. ఒకే ఫైలుని ఒకచోట 'యుటిల్స్' అనీ, ఇంకోచోట 'యాప్ డాట్ యుటిల్స్' అనీ ఇంపోర్ట్ చేస్తే కిక్కురుమనకుండా రెండు కాపీలు పెట్టుకుంటుంది. ఈ కాపీలో పుట్టిన కస్టమర్‌ని ఆ కాపీకి చూపించి "వీడు మనవాడేనా?" అంటే, "ఎప్పుడూ చూడలేదు" అంటుంది.

ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టు, ఎక్కడి నుంచి పిలిచినా ఒకే తీరుగా పిలువు అని చెప్పాను. పది నిమిషాల పని. పెద్దవాళ్ల మాట కదా, మావాడికి నచ్చలేదు. రెండు కాపీల్లోని బిల్లు లెక్కల్నీ ఐదు నిమిషాలకోసారి సరిచూసి కలిపే మూడో ఫైలు రాశాడు. పేరు 'సింక్'. దాన్ని రెండు పేజీల్లోనూ పిలిచాడు.

ఒకదాంట్లో పెద్ద 'ఎస్'.