క్రూజర్ అంటే సోఫా కాదు బాబూ!

ముందుకు వంగి నడిపే స్పోర్ట్స్ బైకు అమ్మేసి, కాళ్లు ముందుకు చాపి నడిపే క్రూజర్ బైకు కొంటే నడుం నొప్పి పోతుందట! ఎవరు చెప్పారండీ? మణికట్ల మీద బరువు తగ్గుతుంది, నిజమే. ఆ బరువంతా ఎక్కడికి పోతుంది? తిన్నగా వెన్నుపూస చివరికి! ఫుట్‌పెగ్గులు, అదే పాదాలు పెట్టుకునే కడ్డీలు, ముందుకుంటే గుంత వచ్చినా లేచి నిలబడలేం. వెనక సస్పెన్షన్ కదిలేది చాలావాటిలో 100 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ప్రీలోడ్ (సస్పెన్షన్ స్ప్రింగును ముందే ఎంత బిగించి ఉంచాలనే సెట్టింగు) సరిచేసుకోరు, సీటును తిడతారు.

ఇక మలుపులు! పాత అలవాటుతో వంచేస్తారు, పెగ్గు రోడ్డును గీరుతుంది. కర్ర్‌ర్... హడలిపోయి ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తారు. బండి నిటారుగా లేచి మలుపు బయటికి పోతుంది. వెనక బ్రేకు ఏం పాపం చేసింది? పొడవాటి వీల్‌బేసు (రెండు చక్రాల మధ్య దూరం), వెనక్కున్న బరువు... ఇక్కడ అది నిజంగా పనిచేస్తుంది! 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాటితే ఆయాసపడే ఇంజన్‌ను స్పోర్ట్స్ బైకులా 10,000 దాకా లాగాలనా? గేరు మార్చండి మహాప్రభో!