పోర్టల్ వచ్చింది, సర్కారు చిక్కిపోలేదు

ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక నమ్మకం బలంగా ఉండేది. సమాచారం అందరికీ దొరికితే ప్రభుత్వాల పట్టు సడలుతుందని, ఫైళ్ల మీద కూర్చున్న యంత్రాంగం తనంతట తానే చిక్కిపోతుందని. ఆ మాట ఎంత నిజమైందో చూడాలంటే తెలుగు రాష్ట్రాల్లో భూమి రికార్డులకు మించిన చోటు లేదు. రైతుకు ప్రభుత్వమంటే ముందు పాసు పుస్తకమే.

ఊరి భూమి లెక్కలు రాసే కరణం బలం ఆయన జీతంలో లేదు, ఇంట్లో పెట్టుకున్న అడంగల్ అనే సాగు రికార్డులో ఉంది. ఏ చెక్క ఎవరు దున్నుతున్నారో ఊరంతటికీ తెలుసు. కాగితం మీద ఎవరి పేరుందో మాత్రం ఆయనకే తెలుసు. తెలంగాణలో పహాణీ చేతిలో ఉన్న పట్వారీదీ అదే దర్జా. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఈ వ్యవస్థను రద్దు చేసింది. 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి, తర్వాత ఈ-సేవ, 2011లో మీసేవ. ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ కాగితం కోసం రోజుల తరబడి తిరిగిన తరానికి ఇది చిన్న మార్పేమీ కాదు. కింది స్థాయిలో చెయ్యి తడిపే పని కొంతైనా తగ్గింది. ఆశావాదుల వాదనకు ఇక్కడిదాకా నేనూ ఒప్పుకుంటాను.

ఆ తర్వాతి కథే వేరు. తెలంగాణలో 2017లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం ఉందనుకున్న భూములు పార్ట్-బి అనే విడి జాబితాలో పడ్డాయి. 2018లో రైతుబంధు వచ్చింది, ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయలు. అంతకుముందు రికార్డులో తప్పుంటే అమ్ముకునేటప్పుడు ఇబ్బంది, ఇప్పుడు ఏటా రెండుసార్లు పడాల్సిన డబ్బులే పడవు. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయింది, అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్ ఒకే రోజు తహసీల్దారు ఆఫీసులో అయిపోవడం నిజంగా మంచి మార్పు. కానీ పేరు తప్పు పడితే? విస్తీర్ణం ఐదు గుంటలు తగ్గితే? పట్టా భూమి, రిజిస్ట్రేషన్ కుదరని నిషేధిత జాబితాకు ఎక్కితే? తహసీల్దారును అడిగితే తన చేతిలో లేదనేవారు. చాలా దిద్దుబాట్లకు అప్పట్లో కలెక్టర్‌కే అర్జీ పెట్టుకోవాలి, అదీ పోర్టల్‌లో తగిన ఆప్షన్ ఉంటేనే. లేకపోతే సివిల్ కోర్టు. కరణం నుంచి తీసుకున్న అధికారం రైతు చేతికి రాలేదు, జిల్లా కేంద్రానికి ఎక్కి కూర్చుంది. అర్జీలు తీసుకునే ప్రజావాణి క్యూలలో భూమి అర్జీలు ఎందుకు అంత నిండిపోయాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం చిన్నదవడం అటుంచి, ఇంటి గడప దాకా వచ్చింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు, సుమారు యాభై ఇళ్లకో వాలంటీరు, చేతిలో ఫోన్, వేలిముద్రల మిషన్. అన్ని లక్షల కుటుంబాల వివరాలు అంత దగ్గరగా పట్టుకోవడం పాతకాలపు ప్రభుత్వాలకు సాధ్యమే కాదు. అదే ప్రభుత్వం 2023లో భూ యాజమాన్య హక్కు చట్టాన్ని (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) అమల్లోకి తెచ్చినప్పుడు జనం బెదిరారు. ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వరట, జిరాక్సులే ఇస్తారట అన్న ప్రచారం 2024 ఎన్నికల్లో ఊరూరా తిరిగింది. అందులో నిజమెంత, అతిశయోక్తి ఎంత అన్నది అలా ఉంచుదాం. రికార్డు కంప్యూటర్లో కనిపిస్తే సంతోషించే జనమే, దాని మీద చివరి మాట ప్రభుత్వానిదేనంటే బీరువాలో కాగితాలు తీసి చూసుకున్నారు. కొత్త ప్రభుత్వం రాగానే ఆ చట్టం రద్దయింది.

సమాచార హక్కు చట్టం ఉంది కదా అనొచ్చు. ఉంది, 2005 నుంచి. దాంతో బయటపడ్డ అక్రమాలు తక్కువేమీ కాదు. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, వ్యక్తిగత సమాచారం పేరుతో అధికారులు జవాబు నిరాకరించే వీలును ఇంకా పెంచింది. మన వైపు కిటికీ చిన్నదవుతుంటే వాళ్ల వైపుది పెద్దదవుతోంది. తెలంగాణ ‘సమగ్ర వేదిక’నే తీసుకోండి. రకరకాల శాఖల డేటాను కలిపి, ఎవరు అర్హులో సాఫ్ట్‌వేర్‌తో తేల్చే ఏర్పాటు. పేర్లు కలిసిపోయి, కారు లేనివాళ్లకు కారున్నట్టు చూపించి రేషన్ కార్డు తీసేసిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. రద్దయిన కార్డులను మళ్లీ ఇళ్లకు వెళ్లి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పాత రోజుల్లో కార్డు ఎవరు తీసేశారో తెలిసేది, వెళ్లి పోట్లాడొచ్చు. సాఫ్ట్‌వేర్‌తో పోట్లాడేదెలా?

కాబట్టి ప్రభుత్వం పెద్దదా చిన్నదా అన్న లెక్క నాకు అంతగా పనికొచ్చేలా కనిపించదు. ఉద్యోగుల సంఖ్య తగ్గినా ప్రభుత్వం బలం పెరగొచ్చు. చూడాల్సింది రికార్డును చూసే వీలు ఎవరికుంది, దిద్దే వీలు ఎవరికుంది అన్నది. ఇప్పటిదాకా టెక్నాలజీ మొదటిది మనకిచ్చి, రెండోదాన్ని పైకి తీసుకెళ్లింది.

తెలంగాణలో 2025లో ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. దిద్దుబాటు అధికారాలు కొన్ని తహసీల్దారుకు, ఆర్డీవోకు దిగాయి, అప్పీలుకు చోటు దొరికింది. గ్రామ పాలన అధికారుల పేరుతో ఊళ్లోకి మళ్లీ మనిషిని పంపారు. ప్రతి కమతానికీ ‘భూధార్’ నంబరు ఇస్తామంటున్నారు. ఆ నంబరు కొడితే తన భూమి వివరాలు ఎప్పుడు, ఏ అధికారి లాగిన్ నుంచి, ఏ ఆర్డరు మీద మారాయో రైతు ఫోన్‌లోనే కనపడుతుందా అన్నది నేను చూడబోయే మొదటి విషయం.