స్టార్లు వాళ్లవి, ఖర్చు మనది

ఫైవ్ స్టార్ ఏసీ కొంటే కరెంటు బిల్లు సగమైపోతుందని షోరూములు ఊదరగొడుతున్నాయి. రేటింగు చూసి కొనండి, పొదుపు చేయండి అంటూ ప్రభుత్వాలదీ అదే పాట. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్‌లాల్ ఖట్టర్ ఇంకో అడుగు ముందుకేసి, ఏసీలు 20 డిగ్రీల కిందికి దిగకుండా కట్టడి చేస్తామన్నారు. ఉపదేశాలకు కొదవ లేదు. కొనే డబ్బు ఎవరిది, మిగిలే లాభం ఎవరిది అని అడిగితేనే ఎవరికీ నోరు పెగలదు.

స్టార్ లేబుల్ మీద కనిపించే ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి కట్టిన లెక్క. మార్చి నుంచి జూన్ దాకా, రాత్రిపూట ఆరేసి గంటలు ఏసీ వేసుకునే హైదరాబాద్ ఉప్పల్ మధ్యతరగతి ఇల్లు అందులో సగం కూడా దాటదు. టన్నున్నర ఏసీలో త్రీ స్టార్‌కూ ఫైవ్ స్టార్‌కూ లేబుల్ ప్రకారం తేడా దాదాపు 200 యూనిట్లు. ఈ ఇంటికి మిగిలేది వంద లోపే. యూనిట్‌కు 9 రూపాయల శ్లాబు వేసుకున్నా ఏడాదికి 900 మించదు. అందుకోసం కొనేటప్పుడే ఎనిమిది, పది వేలు అదనంగా పెట్టాలి. ఆ డబ్బు తిరిగొచ్చేసరికి ఏసీయే మూలకు పడుతుంది. పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇళ్లకు గిట్టుబాటు కావచ్చు. చక్కగా పనిచేస్తున్నదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి ఈఎంఐ నెత్తిన పెట్టుకోవడం మాత్రం దండగ. పైగా 2026 జనవరి నుంచి రేటింగ్ ప్రమాణాలు బిగిశాయి. నిన్నటి ఫైవ్ స్టార్ ఇవాళ ఫోర్ స్టార్. లేబుల్ మీది తేదీలు చూడనివాడికి పాత స్టాకు అంటగట్టడం ఎంతసేపు?

మార్చాల్సింది ఏదైనా ఉంటే అది ఫ్యాను. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగితే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు ఆదా. మూడు ఫ్యాన్లున్న ఇంట్లో 60 యూనిట్లు! మన తెలంగాణ టారిఫ్‌లో ఇది చిన్న విషయం కాదు. 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 అయితే మొత్తం యూనిట్లకూ రేటు మారి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల వాత. ఫ్యాను మీద పెట్టే అదనపు వెయ్యో, పదిహేను వందలో ఏడాది, ఏడాదిన్నరలో తిరిగొచ్చేస్తాయి.

మరి ఆ ఫ్యాన్లు ఎవరు కొనాలి? రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చే ఇల్లు ఎందుకు కొంటుంది? గీత దాటే భయం లేని ఇంటికి ఒక్క రూపాయి మిగలదు. మిగిలేది ప్రతి యూనిట్‌కూ కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు డబ్బు కట్టే రాష్ట్ర ఖజానాకు. లాభం ఖజానాది, ఖర్చు పేదవాడిది! అద్దె ఇళ్లలోనూ ఇదే తంతు. ఓనరు చవకరకం ఫ్యాన్లు, గీజర్లు బిగించి చేతులు దులుపుకొంటాడు, బిల్లు కిరాయిదారు కడతాడు. సొంత డబ్బుతో మంచి ఫ్యాను బిగించుకుంటే, ఇల్లు ఖాళీ చేసేనాడు విప్పుకుపోవాలి.

అన్నీ ప్రభుత్వమే ఇవ్వాలా, ఎవరి పొదుపు వారు చూసుకోవద్దా అని విసుక్కునేవాళ్లున్నారు. ఉచితాల మీద ఆ చిరాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ అడుగుతున్నది దానం కాదు. మిగులు ఎవరికి దక్కుతుందో వాళ్లే పెట్టుబడి పెట్టాలంటున్నాం. ఇది జరగనిదేమీ కాదు. కేంద్రం ఉజాలా పథకం కింద టోకున కొనబట్టే, 2014లో 310 రూపాయలున్న ఎల్ఈడీ బల్బు సేకరణ ధర రెండు మూడేళ్లలో 40 లోపుకు దిగింది. దేశవ్యాప్తంగా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. బల్బుకు చేసింది ఫ్యానుకు ఎందుకు చేయరు? కోటి ఫ్యాన్ల కార్యక్రమమని 2023లో కేంద్ర ప్రభుత్వ రంగ విద్యుత్ పొదుపు సంస్థ ఈఈఎస్ఎల్ ప్రకటించింది. ఆ ఫ్యాను బోరబండలో ఎన్ని ఇళ్లలో తిరుగుతోందో ఎవరైనా చూపించగలరా?

పన్నులోనూ అదే కపటం. 2025 సెప్టెంబరులో ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, సంతోషం. కరెంటు తాగే ఏసీకీ, పొదుపు చేసే ఏసీకీ ఒకే 18 శాతమట. పొదుపు మీద అంత ప్రేమే ఉంటే ఫైవ్ స్టార్‌కు పన్ను తగ్గించడానికి చేతులెందుకు రావు?

గృహజ్యోతి ఇళ్లకు బీఎల్‌డీసీ ఫ్యాన్లు రాష్ట్రమే టోకున కొనివ్వాలి. మిగిలే సబ్సిడీ నుంచే ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు. అంతకంటే ముందు సచివాలయం నుంచి మండల ఆఫీసు దాకా 75 వాట్ల ఫ్యాన్లు ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో లెక్క తీసి జనం ముందు పెట్టండి. ఆ లెక్క చేతిలో లేనివాళ్లు మా ఇంటి ఏసీ రిమోట్ జోలికి రావద్దు.