పెద్దలంతా ఒకే బల్ల దగ్గర కూర్చుంటే విశాఖ బాగుపడుతుందా?

విశాఖపట్నంలో ఏ సమస్య పట్టుకున్నా దానికి ఇద్దరు ముగ్గురు యజమానులు తేలతారు. విమానం దిగే రన్‌వే నేవీది. తాగునీరు తెచ్చే ఏలేరు కాలువ మొదట ఉక్కు ఫ్యాక్టరీ అవసరం కోసం వచ్చింది. బీచ్ రోడ్డు కార్పొరేషన్‌ది, ఆ బీచ్‌కి రావాల్సిన ఇసుక ఆగేది పోర్టు దగ్గర. అందుకే పోర్టు, నేవీ, రైల్వే, ఉక్కు, కార్పొరేషన్, యూనివర్సిటీ, వ్యాపార సంఘాల పెద్దలందరితో ఒక శాశ్వత వేదిక ఉండాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఈ వాదన దాని మీదే. మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు: హార్బర్ పనుల్లో జీవితం గడిపిన ఒక రిటైర్డ్ ఇంజనీరు, మల్కాపురంలో ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి. ఆమె ఆయన స్నేహితుడి కూతురు. వాళ్లు చెప్పుకునే ఊరి సంగతులు మాత్రం కల్పితం కావు.

ఇంజనీరు: ముందు ఇసుక సంగతి చెప్తానమ్మా, మిగతావి తర్వాత. మన తీరం వెంట ఇసుక ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970లలో ఔటర్ హార్బర్ కోసం కట్టిన బ్రేక్‌వాటర్లు, అంటే అలల్ని ఆపే రాతి గోడలు, ఆ దారికి అడ్డం పడ్డాయి. ఇసుక డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు ఆగిపోతుంది. ఆర్కే బీచ్‌కి కొత్త ఇసుక చేరదు, అలలు మాత్రం ఉన్నదాన్ని కోసుకుపోతూనే ఉంటాయి. అందుకని ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో, అంటే నీటి అడుగు తవ్వే ఓడతో, తోడి బీచ్ మీదికి పంపు చేస్తారు. ఇందులో పోర్టు ఉంది, డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఉంది, మున్సిపల్ కార్పొరేషన్ ఉంది, ఎక్కడ ఎంత పొయ్యాలో చెప్పే సముద్ర శాస్త్రవేత్తలు ఉన్నారు. ఒక్కరు తప్పుకున్నా పని ఆగుతుంది. ఇలాంటి ఊళ్లో పెద్దలు కలిసి కూర్చోకపోతే ఎలా?

కార్యదర్శి: బాబాయ్ గారూ, ఈ ఉదాహరణ నాకే ఎక్కువ పనికొస్తుంది. అడ్డం ఎవరు కట్టారో తెలుసు, ఇసుక ఎక్కడ ఆగుతుందో తెలుసు. కాబట్టి ఎవరిని అడగాలో కూడా తెలుసు. రేపు మీ వేదిక వచ్చిందనుకోండి, అదే ఇసుక అందరి బాధ్యత అయిపోతుంది. అప్పుడు బీచ్ కోతకి గురైతే నేను ఎవరి గుమ్మం ఎక్కాలి?

ఇంజనీరు: బాధ్యత ఎవరిదో తెలిసినంత మాత్రాన పని అయిపోదు. 2014 అక్టోబర్ 12 గుర్తుందా? హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక ఊరంతా పడిపోయిన చెట్లు, విరిగిన స్తంభాలు. నేవీ వాళ్లు, విపత్తు సహాయక దళం ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన లైన్‌మెన్లు, మన పారిశుద్ధ్య కార్మికులు కలిసి పనిచేశారు. ఇది నా శాఖది కాదని ఎవరూ అనలేదు.

కార్యదర్శి: ఆ రోజులు ఎవరూ మర్చిపోరు, వాళ్లకి ఎప్పటికీ రుణపడి ఉంటాం. కానీ తుఫాను తర్వాత ఏమైంది? ప్రపంచ బ్యాంకు అప్పుతో కరెంటు తీగల్ని భూమిలోకి దింపే పని మొదలైంది. చాలా మంచి పని. తీగలు విద్యుత్ సంస్థవి, రోడ్డు కార్పొరేషన్‌ది. తవ్విన చోట ఎప్పుడు పూడుస్తారని ఒక ఆఫీసులో అడిగితే రెండో ఆఫీసుకి వెళ్లమంటే జనం ఏం కావాలి?

ఇంజనీరు: చూశావా, నువ్వే వేదిక కావాలంటున్నావు.

కార్యదర్శి: కాదండీ. ఆ రెండు ఆఫీసుల్లో ఒకరి పేరు కాగితం మీద ఉండాలంటున్నాను. మీకు ఇంకో సంగతి చెప్పాలి, ఇది కొంచెం ఓపిగ్గా వినండి. భోపాల్ తర్వాత, 1996లో, కేంద్రం రసాయన ప్రమాదాల నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం జిల్లాకి ఒక క్రైసిస్ గ్రూప్ ఉండాలి, కలెక్టర్ అధ్యక్షుడు, 45 రోజులకోసారి కూర్చోవాలి. పరిశ్రమలున్న ప్రాంతానికి ఒక లోకల్ గ్రూప్ ఉండాలి, అది నెలనెలా కూర్చోవాలి. అందులో ఎవరెవరో చూడండి: ఫ్యాక్టరీల వాళ్లు, ప్రమాదకర రసాయనాలు మోసే ట్రాన్స్‌పోర్టు వాళ్లు, ఫైర్ ఆఫీసర్, పోలీసు, ఆరోగ్య అధికారి, స్థానిక డాక్టర్లు ఇద్దరు, లోకల్ పేపరు ఎడిటర్, సర్పంచ్ లాంటి ఊరిపెద్ద, స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు, సామాజిక కార్యకర్తలు ఇద్దరు. అంతేకాదు, ఆరు నెలలకోసారి పూర్తిస్థాయి మాక్ డ్రిల్, అంటే ప్రమాదం వచ్చినట్టే సాధన, చెయ్యాలి. మీరు కొత్తగా కోరుకుంటున్న వేదిక ఇలాంటిదే కదా? మన చట్టంలో అది ఎప్పుడో పుట్టింది.

ఇంజనీరు: పుట్టింది, ఒప్పుకుంటాను.

కార్యదర్శి: ఆ నియమాలు వచ్చిన మరుసటి ఏడాదే, 1997 సెప్టెంబర్ 14న, మా మల్కాపురం రిఫైనరీలో గ్యాస్ అంటుకుంది. 60 మంది దాకా పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదండీ. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది, మోగించలేదు. నిద్రలోంచి లేచినవాళ్లకి ఏ వైపు పరుగెత్తాలో తెలీదు. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా వెళ్లాలని, ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోవాలని ఎవరైనా ముందే నేర్పి ఉంటే కొన్ని ప్రాణాలైనా దక్కేవని నేను నమ్ముతాను. పెద్దలు సమావేశంలో ఏం మాట్లాడుకున్నా, అది గోడ పక్క ఇంటికి చేరకపోతే ఆ సమావేశం మాకెందుకు?

(ఆమె ఈ మాటలన్నప్పుడు ఇంజనీరు వెంటనే జవాబివ్వడు. ఇచ్చాక మాత్రం వాదనకి అసలైన బరువు వస్తుంది. ఇక్కడ నేను ఆయన వైపే.)

ఇంజనీరు: నువ్వు ప్రమాదం జరిగిన రాత్రి గురించి చెప్తున్నావు. నేను దానికి చాలా ఏళ్ల ముందు సంగతి అడుగుతాను. 1961లో ఆ వెంకటాపురం ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది ఊరికి దూరం. తర్వాత ఇళ్లు దాని గోడ దాకా వచ్చాయి. ఇళ్లకి, లేఅవుట్లకి అనుమతి ఇచ్చే ఆఫీసు వేరు, ఫ్యాక్టరీని తనిఖీ చేసే ఆఫీసు వేరు, కాలుష్యం చూసే బోర్డు వేరు. ఒక్కో ఫైలూ విడిగా చూస్తే సరిగ్గానే కనిపించొచ్చు. వాటన్నిటినీ ఒకే మ్యాప్ మీద పరిచి, ఇక్కడ ట్యాంకు ఉంది, ఇక్కడ పసిపిల్లలు పడుకుంటున్నారు అని వేలు పెట్టి చూపించేది ఎవరు? క్రైసిస్ గ్రూప్ ఆ పనికి పుట్టలేదు. అది సైరన్, ఫైరింజన్, ఆస్పత్రుల సంగతి చూస్తుంది. ఊరు ఎటు పెరగాలో తేల్చేటప్పుడు వీళ్లంతా ఒక గదిలో ఉండాలి. నాకు కావాల్సింది ఆ గది.

కార్యదర్శి: ఆ గది కూడా రాజ్యాంగంలోనే ఉంది. 1992 నాటి 74వ సవరణ చదవండి. పది లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలంది. అందులో మూడింట రెండొంతుల మందికి తక్కువ కాకుండా ఎన్నికైన మున్సిపల్ సభ్యులు, పంచాయతీ అధ్యక్షుల నుంచి రావాలంది. మన కార్పొరేషన్, జీవీఎంసీ, జనాభా 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటింది. మీ వేదికలో ఎన్నికైనవాళ్లు ఎంతమంది?

ఇంజనీరు: మేయర్ ఉంటారు.

కార్యదర్శి: ఒక్కరు. 2012 నుంచి 2021 దాకా మనకి ఆ ఒక్కరు కూడా లేరు. కౌన్సిల్ గడువు అయిపోయింది, ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారుల పాలన సాగింది. హుద్‌హుద్ వచ్చింది ఆ కాలంలోనే. వెంకటాపురం జనం తెల్లవారుజామున పరుగెత్తింది కూడా ఆ కాలంలోనే, వాళ్లకి కార్పొరేటరే లేడు. ఎన్నికలు పెట్టకుండా పెద్దల వేదికలు పెడితే అవి కౌన్సిల్ స్థానంలో కూర్చుంటాయి. నా భయం అది.

ఇంజనీరు: భయం న్యాయమైనదే. కానీ కౌన్సిల్ ఉన్నా పోర్టుకి ఆర్డర్ వేసే అధికారం దానికి ఉండదు. పోర్టు కేంద్రానిది. నేవీని అడిగే వీలు అసలే లేదు. మరి బొగ్గు ధూళి సంగతి ఏం చేస్తావు? 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన ఊరు కూడా ఉంది. ఆ ధూళిలో కొంత పోర్టు యార్డుది, కొంత టార్పాలిన్ కప్పని లారీలది, కొంత రోడ్డు మీద ఊడ్వని మట్టిది. ఎవరి వాటా ఎంతో తేలాలంటే వాళ్లంతా ఎదురెదురుగా ఉండాలి.

కార్యదర్శి: వన్‌టౌన్, జ్ఞానాపురం ఆడవాళ్లని అడగండి, పొద్దున్న తుడిచిన గడప మీద సాయంత్రానికి ఏముంటుందో వాళ్లే చెప్తారు. ఎదురెదురుగా కూర్చోవాలంటున్నారు కదా, 2021లో వచ్చిన మేజర్ పోర్టుల చట్టం చూడండి. బోర్డులో రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఒకరు, రైల్వే నుంచి ఒకరు, రక్షణ శాఖ నుంచి ఒకరు, కస్టమ్స్ నుంచి ఒకరు, కార్మికుల తరఫున ఇద్దరు. ధూళి పీల్చే ఊరి కార్పొరేషన్‌కి ప్రత్యేకంగా ఒక కుర్చీ లేదు. మీ పెద్దలు నిజంగా ఊరితో కలిసి నడవాలనుకుంటే ముందు ఆ కుర్చీ అడగమనండి.

ఇంజనీరు: అడగాల్సిందే. పోర్టులో పనిచేసినవాడిగా ఆ మాట నేనే రాసిస్తాను. అయితే చట్టం మారాలంటే పార్లమెంటు కదలాలి. వేదిక అయితే వచ్చే నెలలో మొదలవ్వొచ్చు. అంతవరకు ధూళి ఆగదు కదమ్మా.

కార్యదర్శి: సరే, పెట్టండి. కానీ ప్రతి సమావేశం మినిట్స్, అంటే అక్కడ మాట్లాడినదాని రికార్డు, తెలుగులో వార్డు సచివాలయం బోర్డు మీద ఉండాలి.

ఇంజనీరు: అలా అయితే లోపల ఎవరూ నోరు విప్పరు. మా యార్డులో ఫలానా లోపం ఉందని ఒక అధికారి ఒప్పుకోవాలంటే అది రేపు పేపర్లో రాదన్న ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం లేని సమావేశాల్లో అందరూ తమ పని తాము బాగా చేశామనే చెప్తారు. అవి నేను చూశాను.

కార్యదర్శి: లోపం ఉందని లోపల ఒప్పుకుని మాకు చెప్పకపోతే అది ఇంకా ఘోరం.

ఇంజనీరు: మాటలు లోపల ఉండనీ. ఏం నిర్ణయించారు, ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా, ఈ మూడూ బయటపెట్టొచ్చు.

కార్యదర్శి: ప్రాణాల సంగతి అయితే మాటలు కూడా బయటికి రావాలి. అక్కడ నేను తగ్గను. ట్యాంకులో ఏముంది, ఎంత ఉంది, లీకైతే ఏ వీధి వైపు వస్తుంది, ఇవి మాకు తెలియాలి.

ఇంజనీరు: దానికి నాకు అభ్యంతరం లేదు. ఇంకొక్కటి. జాలరిపేటల వాళ్లకి, ఫిషింగ్ హార్బర్ కూలీలకి కౌన్సిల్లో గెలిచే డబ్బు, బలం ఉండవు. ఎన్నికైనవాళ్లే ఉండాలని నువ్వు పట్టుబడితే వాళ్లు బయటే ఉండిపోతారు.

కార్యదర్శి: వాళ్లని పిలవండి, వాళ్ల సంఘం ఎంచుకున్న మనిషిని పిలవండి, మీకు నచ్చిన మనిషిని కాదు. ఇంక నాకు కావాల్సింది ఒక్కటే. మల్కాపురంలో తర్వాతి మాక్ డ్రిల్ ఏ తేదీనో మా సచివాలయం బోర్డు మీద రాయించండి. అది కనిపించిన రోజు మీ వేదిక వినతిపత్రం మీద మా కాలనీ సంతకాలన్నీ నేనే తెస్తాను.

ఇంజనీరు: ఆ తేదీ రాయించే అధికారం నాకు లేదమ్మా.

కార్యదర్శి: ఉన్నవాళ్లంతా మీరు పిలవబోయే జాబితాలోనే ఉన్నారు కదా బాబాయ్ గారూ. మొదటి సమావేశంలో మొదటి మాటగా అదే అడగండి.