నిమ్మరసంతో ఆపరేషన్ మచ్చ పోదు, 30 రోజుల్లో అసలే పోదు

"ఆపరేషన్ మచ్చలు 30 రోజుల్లో మాయం" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఈ వారంలోనే నాకు ముగ్గురు పంపారు. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది చెబుతాను. కుట్లు విప్పిన రోజే మొదలుపెట్టాలట. పొద్దున నిమ్మరసంలో తేనె కలిపి మచ్చకు పట్టించాలి. సాయంత్రం వంటసోడా ముద్దతో రుద్దాలి. రాత్రి విటమిన్ ఇ క్యాప్సూల్ కత్తిరించి అందులోని నూనె రాసుకోవాలి. నెల తిరిగేసరికి మచ్చ ఉండదు. అన్నీ సహజమైనవే కాబట్టి నష్టం లేదు. డాక్టర్లు ఈ సంగతి బయటికి చెప్పరు. కింద రెండు ఫొటోలు: ఒకదాంట్లో ఎర్రటి గీత, రెండోదాంట్లో కనీకనిపించని గీత.

పంపినవాళ్లలో ఒకామెకు సిజేరియన్ అయి ఇంకా నాలుగు వారాలే. "రేపటి నుంచి మొదలుపెడదామనుకుంటున్నాను, నువ్వేమంటావు?" అని అడిగింది. ఇది రాయడానికి కారణం ఆ ప్రశ్నే. నాకూ మెడ మీద అడ్డంగా ఒక గీత ఉంది, థైరాయిడ్ ఆపరేషన్‌ది. మొదటి నెలల్లో అద్దం ముందు ఎంతసేపు నిలబడేదాన్నో, ఎవరేం చెప్పినా రాసేసుకోవాలని ఎంతగా అనిపించేదో నాకు గుర్తుంది. అందుకే ఈ మెసేజ్‌ను నమ్మినవాళ్ల మీద నాకు కోపం లేదు. దాన్ని తయారు చేసినవాళ్ల మీద ఉంది.

ముందు ఆ 30 రోజుల మాట చూద్దాం. మిగతా తప్పులన్నీ అక్కడి నుంచే పుట్టాయి. మెసేజ్ రాసినవాళ్లు మచ్చను బట్ట మీద పడ్డ మరకలా చూశారు. మరకైతే పైపైన ఉంటుంది, రుద్దితే పోతుంది. ఆపరేషన్ మచ్చ చర్మం లోపలి పొరలో జరిగే మరమ్మతు. కోత పడిన చోట మొదటి కొన్ని రోజులు వాపు, ఎరుపు ఉంటాయి. శరీరం ఆ చోటును శుభ్రం చేసుకునే దశ అది. తర్వాత రెండు మూడు వారాల పాటు కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులను గబగబా పేరుస్తుంది. చిరిగిన గుడ్డకు ముందు టాకాలు వేసి, తర్వాత తీరిగ్గా కుట్టుకున్నట్టు, మొదట తాత్కాలికంగా ఒక రకం కొలాజెన్‌ వేసి, ఆ తర్వాత దాని స్థానంలో గట్టి రకాన్ని నింపుకుంటూ వస్తుంది. ఈ రెండో పనికి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే.

మామూలు చర్మం బలం 100 అనుకుంటే, వారం రోజుల కోతకు ఉండే బలం 3 దగ్గర. మూడు వారాలకు 20 నుంచి 30. మూడు నెలలు దాటేసరికి 80 దాకా వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. పూర్తి 100కి ఎప్పటికీ చేరదు. మచ్చలో వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు మళ్లీ రావు. కాబట్టి "మాయం" అనే మాటకే తావు లేదు. ఎరుపు తగ్గుతుంది, ఉబ్బు అణుగుతుంది, గీత సన్నబడి చర్మం రంగుకు దగ్గరవుతుంది. మంచి మచ్చ అంటే ఇదే.

ఇంకో సంగతి. చాలామందికి మొదటి మూడు నెలల్లో మచ్చ మరింత ఎర్రగా, గట్టిగా, కాస్త ఉబ్బెత్తుగా అవుతుంది. నాకూ అలాగే అయింది. రెండో నెలలో చూసి ఏదో తేడా కొట్టిందని హడలిపోయాను. మరమ్మతు ముమ్మరంగా సాగుతున్నప్పుడు అలాగే ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. అంటే ఈ మెసేజ్ పెట్టిన గడువు, మచ్చ అన్నిటికంటే వికారంగా కనిపించే రోజుల్లో వచ్చి పడుతుంది. రాసిన మనిషి నెలాఖరుకు అద్దం చూసుకుని, నేనే సరిగ్గా చేయలేదేమో అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఫొటోల మాట కూడా ఇక్కడే. వాటి మీద తేదీలు లేవు, వెలుతురు ఒకేలా లేదు. రెండు నెలల మచ్చను, ఏడాదిన్నర మచ్చను పక్కపక్కన పెడితే ఏమీ రాయకపోయినా అంత తేడా కనిపిస్తుంది. ఆ తేడా తెచ్చింది కాలం.

"కుట్లు విప్పిన రోజే మొదలుపెట్టాలి" అన్నది ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం. శరీర భాగాన్ని బట్టి సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో కుట్లు విప్పుతారు. పైన చెప్పిన లెక్క గుర్తు చేసుకోండి, అప్పటికి కోతకు బలం లేనట్టే. పైన అతుక్కున్నట్టు కనిపిస్తుంది గానీ లోపల ఇంకా టాకాల దశే. ఆ సమయంలో రోజూ రుద్దితే కోత విచ్చుకోవచ్చు, క్రిములు చేరవచ్చు. మచ్చ వెడల్పుగా, వికారంగా తయారవడానికి ముఖ్య కారణాలు మూడు: కోత మీద లాగుడు, కోత విచ్చుకోవడం, చీము పట్టడం. మచ్చ పోగొట్టుకోవాలని చేసే పనే పెద్ద మచ్చను తెచ్చిపెడుతుంది. కట్టిన పక్కును గీకినా ఇంతే.

ఇక నిమ్మరసం. దాని పీహెచ్ (పులుపు కొలత, ఎంత తక్కువైతే అంత పులుపు) 2 దగ్గర ఉంటుంది, చర్మం పైపొరది 5 దగ్గర. అంత పులుపును కొత్త చర్మం మీద పోస్తే మంట పుట్టడం ఖాయం. "మంట పుడితే పనిచేస్తున్నట్టు" అని కూడా ఆ మెసేజ్‌లో రాశారు. మంట అంటే చర్మం దెబ్బ తింటోందని అర్థం. పైగా నిమ్మజాతి కాయల్లో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, బొబ్బలెక్కి, తర్వాత నల్లటి మరకలు పడతాయి. ఆ మరకలు నెలల తరబడి ఉంటాయి. చర్మవైద్యంలో దీనికి ఫైటోఫోటోడెర్మటైటిస్ అని ప్రత్యేకంగా పేరే ఉంది.

చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. ఇలాంటి చర్మంలో ఏ చిన్న మంట, వాపు వచ్చినా రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది. మొటిమ తగ్గాక నల్లమచ్చ మిగిలేది ఇందుకే. తెల్లబడాలని నిమ్మరసం రాస్తే, అది రేపిన మంటకు ఆ చోటు ఇంకా నల్లబడుతుంది. అప్పుడు ఒకటికి రెండు మచ్చలు.

వంటసోడా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది క్షారం, పైగా గరుకు. పొద్దున పులుపుతో, సాయంత్రం క్షారంతో ఒకే చోటును బాధించడం వల్ల వచ్చే లాభం ఏదీ లేదు.

విటమిన్ ఇ సంగతి వేరు. దీన్ని నమ్మడానికి కారణం ఉంది: అది యాంటీ ఆక్సిడెంట్, చర్మానికి మంచిదని అందరూ అంటారు, మచ్చల క్రీములు చాలావాటి మీద దాని పేరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నేనూ కొన్నాను. 1999లో మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన చర్మవైద్యులు దీన్ని నేరుగా పరీక్షించారు. చర్మ క్యాన్సర్ తీయించుకున్న 15 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరి మచ్చను రెండు సగాలు చేసి, ఒక సగానికి మామూలు ఆయింట్‌మెంట్, రెండో సగానికి అదే ఆయింట్‌మెంట్‌లో విటమిన్ ఇ కలిపినది రాయించారు. ఏ సగానికి ఏది అన్నది రాసుకునేవాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. 90 శాతం మందిలో విటమిన్ ఇ వల్ల తేడా లేదు, లేదా మచ్చ ఇంకా పాడైంది. మూడో వంతు మందికి రాసిన చోట దురద, దద్దుర్లతో అలర్జీ వచ్చింది. చిన్న పరీక్షే, కాదనను. కానీ ఒకే మనిషి ఒకే మచ్చ మీద పోల్చిన పరీక్ష. క్యాప్సూల్ కత్తిరించి రాసుకోమని చెప్పేవాళ్ల దగ్గర ఇంతపాటి రుజువు కూడా లేదు.

తేనె విషయంలో మెసేజ్ కొంత నిజాన్ని పట్టుకుని వంకర చేసింది. గాయాలకు తేనె వాడటం వైద్యంలో ఉంది. గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య తేనెను డ్రెస్సింగుల్లో పెడతారు. చర్మం పైపొరలు మాత్రమే కాలిన గాయాలు కొన్ని మామూలు డ్రెస్సింగుల కంటే దానితో త్వరగా మానుతాయని పరిశోధనల సమీక్షల్లో తేలింది. అయితే అది తెరిచి ఉన్న గాయం మానే సంగతి. మూసుకున్న కోత మచ్చను చెరిపే సంగతి కాదు. ఇంట్లో సీసాలోని తేనెలో బ్యాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది, దాన్ని కొత్త కోత మీద పెట్టకూడదు. కలబంద, కొబ్బరినూనె చర్మానికి తేమ నిలుపుతాయి, దురద తగ్గిస్తాయి. గాయం పూర్తిగా మూసుకున్నాక, పడని లక్షణాలేవీ లేకపోతే వాడుకోవచ్చు. వాటితో మచ్చ పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

"డాక్టర్లు చెప్పరు" అనే మాట చదివినప్పుడల్లా నాకు మనసు కష్టపడుతుంది. ఎందుకంటే డాక్టర్లు చెప్పేది ఈ చిట్కాల కంటే తేలిక. గాయాన్ని ఆరబెట్టి పక్కు కట్టించడం కంటే తడిగా ఉంచితే త్వరగా మానుతుందని జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 1962లోనే పందుల మీద ప్రయోగం చేసి చూపించారు. కప్పి ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో 922 మందికి చర్మం మీద చిన్న ఆపరేషన్ల తర్వాత కొందరికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, కొందరికి సాదా పెట్రోలియం జెల్లీ ఇచ్చారు. ఇన్‌ఫెక్షన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే చాలామంది చర్మవైద్యులు పెట్రోలియం జెల్లీయే రాసుకోమంటారు. ఇందులో దాచిన రహస్యమేముంది?

గాయం మూసుకున్నాక చెప్పేవి ఇంకొన్ని ఉన్నాయి. సిలికాన్ జెల్ గానీ షీట్ గానీ రోజుకు 12 గంటలకు తగ్గకుండా, కనీసం రెండు మూడు నెలలు వాడమంటారు. దీని మీద జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, నాణ్యత తక్కువవి. అది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా నష్టం తక్కువ కాబట్టి, మచ్చ లావెక్కకుండా ముందు వాడేది ఇదే. కాగితపు సర్జికల్ టేప్ నాకు ఇంకా నచ్చుతుంది. కోత మీద లాగుడు తగ్గించడమే దాని పని. 2005లో 70 మంది సిజేరియన్ అయిన స్త్రీల మీద చేసిన పరీక్షలో, 12 వారాలు టేప్ అంటించుకున్నవాళ్లలో ఉబ్బు మచ్చలు బాగా తగ్గాయి. ఎండ నుంచి కాపాడటం అన్నిటికంటే ముఖ్యం: ఏడాది పాటు బట్టతో కప్పండి, లేదా ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ రాయండి. మెత్తగా మసాజ్ చేస్తే బిగుతు తగ్గుతుంది, కానీ ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌ను అడగాలి. సిగరెట్ మానేయడం, షుగర్ అదుపులో పెట్టుకోవడం, ప్రోటీన్ సరిపడా తినడం కూడా ఈ లెక్కలోవే.

మెసేజ్ పూర్తిగా వదిలేసింది కీలాయిడ్‌ను. అన్ని మచ్చలూ ఒకటి కావు. కొన్ని కోత గీత లోపలే ఉబ్బుతాయి, నెలల మీద అణిగిపోవచ్చు. కీలాయిడ్ అలా కాదు. అది గీత దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకుతుంది, దురద, నొప్పి పెడుతుంది, దానంతటది తగ్గదు. ఆపరేషన్ అయిన చాలా నెలల తర్వాత కూడా మొదలవుతుంది. ఛాతీ మధ్యలో, భుజాల మీద, చెవి తమ్మెల మీద ఎక్కువ. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకు, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చి ఉన్నవాళ్లకు అవకాశం ఎక్కువ. కోసి తీసేస్తే సరిపోతుందనుకుంటారు, కానీ వేరే చికిత్స లేకుండా కోత ఒక్కటే పెడితే సగం మందికి పైగా మళ్లీ వస్తుంది. మచ్చలోకే స్టిరాయిడ్ ఇంజెక్షన్లు కొన్ని వారాలకొకటి చొప్పున ఇస్తారు. చిన్నగా ఉన్నప్పుడు వెళితే లొంగదీయడం తేలిక. నిమ్మరసం రాస్తూ కూర్చున్న ఆరు నెలలూ ఆ మనిషి పోగొట్టుకున్న సమయమే. గీత దాటి పెరుగుతోందని అనుమానం వస్తే నేరుగా చర్మవ్యాధుల నిపుణుల దగ్గరికి వెళ్లండి. కోత చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, వేడిగా తగిలినా, చీము గానీ చెడు వాసన గానీ వచ్చినా, జ్వరం వచ్చినా, కోత విచ్చుకున్నా ఆ రోజే సర్జన్‌కు చూపించాలి.

నన్ను అడిగిన ఆమె మర్నాడు పొద్దున ఒకసారి రాసేసుకుందని తర్వాత చెప్పింది. మీలో ఎవరైనా ఇప్పటికే రాసి ఉంటే ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను. భయపడొద్దు. మామూలు నీళ్లు, సబ్బుతో మెల్లగా కడిగి, రుద్దకుండా అద్దండి. పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి. కొన్ని రోజులు ఆ చోటికి ఎండ అసలు తగలనివ్వకండి. బొబ్బలు లేస్తే చిదమకుండా డాక్టర్‌కు చూపించండి. తర్వాత నల్లబడినట్టు కనిపిస్తే, ఎండ తగలకుండా చూసుకుంటే నెలల మీద అది తేలికపడుతుంది. తెల్లబరిచే క్రీములు దాని మీద మళ్లీ మొదలుపెట్టకండి.